అరికాళ్లలో తిమ్మిర్లు: బి కాంప్లెక్స్ సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మకి 58 ఏళ్లు, చాన్నాళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతోంది, గుడ్డు కూడా ముట్టదు. అరికాళ్లు తిమ్మిర్లు, చెప్పు జారిపోయినా తెలీట్లేదంటోంది. మెడికల్ షాపులో ఇచ్చిన బి కాంప్లెక్స్ రోజుకి రెండు వేస్తున్నాం, చాలా?

జవాబు: చెప్పు జారినా తెలీట్లేదంటే ఇంకా ఆగకండి, ముందు బి12 రక్తపరీక్ష చేయించండి, మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గొచ్చు, పైగా శాకాహారం. అలాగని మెట్‌ఫార్మిన్ మీరే ఆపెయ్యొద్దు. బి12 లోపం ఉండగా ఫోలిక్ యాసిడ్ (ఇదీ ఒక బి విటమినే) ఒక్కటే వేస్తే రక్తహీనత తగ్గినట్టే కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి, అందుకే డాక్టర్లు చాలాసార్లు బి12 ఇంజెక్షన్లతో మొదలుపెడతారు. ఇంకోటి, స్ట్రిప్ వెనక పైరిడాక్సిన్ అని ఉందేమో చూడండి, అది బి6, ఎక్కువ డోసులో నెలల తరబడి వేస్తే అదే తిమ్మిర్లు తెస్తుంది (విచిత్రమే!). ఆ స్ట్రిప్ డాక్టర్‌కి చూపించండి.