ఆబోతుల మీద పరిశోధనకు వెళ్తున్న మా మేనకోడలికి

తల్లీ స్వాతీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నీకు పీహెచ్‌డీ సీటు వచ్చిందని, ఆబోతుల సంతానశక్తి మీద, అందులోనూ ఎపిజెనెటిక్స్, అంటే డీఎన్ఏ మారకుండానే జన్యువుల పనితీరును మార్చే గుర్తుల మీద పని చేయబోతున్నావని. నా తర్వాత మన ఇంట్లో ఈ పశువుల చదువు ఎవరికీ పట్టదనుకున్నాను. ఎంత పొంగిపోయానో! ఆ తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు. నువ్వు ల్యాబ్‌లో చేసే పని గురించి నాకు బెంగ లేదు. శాంపిల్ కోసం ఆబోతు పక్కన నిలబడతావే, అదే నా టెన్షన్.

అందుకే ముందు ఆ మాటే చెబుతాను. ఒంటరిగా ఆబోతు దగ్గరికి వెళ్లకు. పొగరుబోతు దానితో అందరూ జాగ్రత్తగానే ఉంటారు. 'ఇది చాలా సాధువమ్మా' అని చెప్పే ఆబోతు దగ్గరే మనిషి ఏమరుపాటుగా ఉంటాడు. వీర్యం సేకరించే చోట అడుగు పెట్టకముందే తప్పించుకునే సందు ఎటుందో చూసుకో. దానికి వీపు చూపించకు. అక్కడ ఉన్నంతసేపు ఫోన్ బయటికి తీయకు. మామయ్యకు చాదస్తం అనుకున్నా సరే, ఈ నాలుగు మాటలూ పాటిస్తానని మీ అమ్మతో ఒట్టేసి చెప్పు.

గడ్డకట్టించిన వీర్యం ఉండే సన్నని గొట్టం, అదే స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో కరిగించడం, కంటెయినర్‌లో ద్రవ నత్రజని మట్టం చూసుకోవడం, లేబుల్ రెండుసార్లు చదవడం లాంటివి నీకు వేరే చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది తేదీల గురించి. ఆబోతులో వీర్యకణం తయారు కావడానికి సుమారు 61 రోజులు పడుతుంది. తర్వాత వృషణానికి అంటుకుని ఉండే ఎపిడిడిమిస్ అనే గొట్టంలో పక్వం కావడానికి ఇంకో వారం, పది రోజులు. వీర్యకణం తయారీ చివర్లో డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్లు అనే ప్రోటీన్లు చాలావరకు తప్పుకుని, వాటి స్థానంలో ప్రోటమిన్లు అనే వేరే ప్రోటీన్లు వచ్చి డీఎన్ఏను గట్టిగా బిగించేస్తాయి. ఎపిడిడిమిస్‌లో నడిచేటప్పుడు కణంలోని చిన్న ఆర్ఎన్ఏలు కూడా మారతాయి. అంటే ఈ రోజు నువ్వు తీసుకున్న శాంపిల్ గత రెండు నెలల పైచిలుకు ఆ పశువు ఎలా బతికిందో చెబుతుంది. ఆ రెండు నెలల్లో ఏం జరిగిందో నీ దగ్గర రాసి లేకపోతే, డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులు ఎక్కడున్నాయో చూపే మిథైలేషన్ పటం ఎంత అందంగా వచ్చినా దాన్ని చదవలేవు.

ఇది నేను పుస్తకంలో చూసి చెప్పడం లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా వీర్య కేంద్రంలో ఒక మంచి ఆబోతు ఉండేది. వేసవిలో దానికి మూడు రోజుల జ్వరం వచ్చింది. తగ్గింది, మేత మేసింది, లేచి తిరిగింది. కొద్ది రోజులు విశ్రాంతి ఇచ్చి పైవాళ్లు మళ్లీ వీర్యం తీయించారు. మైక్రోస్కోప్ కింద చలనం బ్రహ్మాండంగా ఉంది. ఎందుకు ఉండదు? జ్వరం వచ్చేనాటికే తయారై ఎపిడిడిమిస్‌లో నిలవ ఉన్న కణాలవి. వృషణాలు ఒంటి వేడి కంటే 2 నుంచి 6 డిగ్రీలు చల్లగా ఉండాలి. జ్వరంలో ఆ తేడా పోతుంది. అప్పుడు సగం తయారైన కణాలు దెబ్బతింటాయి, కానీ అవి బయటికి రావడానికి వారాలు పడుతుంది. ఈ లోపల చూసిన చలనాన్ని నమ్మి, తర్వాత తీసిన బ్యాచ్‌లకు కణాల ఆకారం పరీక్షించడం మానేశారు. చలనం పాసైతే చాలు, ఫ్రీజ్ చేసి పంపేశారు.

తర్వాత ఆవులు తిరగపొర్లడం మొదలైంది. ఎదకు వచ్చిన ఆవుకు కృత్రిమ గర్భధారణ సూది వేయించడం, 21 రోజులకు అది మళ్లీ ఎదకు రావడం. రైతులు గోల పెట్టారు. మా పైవాళ్లు ఆబోతును అనుమానించలేదు, సూదులు వేసే కుర్రాళ్లను అనుమానించారు. వాళ్లలో ఒకడు, చాలా శ్రద్ధగా పని చేసేవాడు, ఆ నింద పడలేక పని మానేసి వెళ్లిపోయాడు. అసలు సంగతి బయటపెట్టింది ఆబోతుల్ని చూసుకునే పెద్దాయన. ఆయన దగ్గర గళ్ల నోటుబుక్కు ఒకటి ఉండేది, నూనె మరకలతో. ఏ ఆబోతు ఏ రోజు మేత ముట్టలేదో, ఏ రోజు ఒళ్లు కాలిందో పెన్సిల్‌తో రాసుకునేవాడు. స్ట్రా మీద అచ్చయిన తేదీని ఆ పుస్తకంలోని జ్వరం తేదీ పక్కన పెట్టి చూస్తే, చెడిన బ్యాచ్‌లన్నీ జ్వరం తర్వాతి వారాలవే. మా ఆఫీసు రిజిస్టర్లో జ్వరం అనే మాటే లేదు. మిగిలిన స్ట్రాలు పారబోశారు. ఆ కుర్రాడికి మాత్రం ఎవరూ క్షమాపణ చెప్పలేదు. ఇన్నేళ్లయినా అది తలచుకుంటే నాకు కోపం వస్తుంది.

కాబట్టి పశువుల కాపరులతో మాట్లాడు తల్లీ. వాళ్లకు తెలిసినంత మీ సర్వర్లకు తెలియదు. నీకు చిన్నప్పటి నుంచి ఉన్న తొందర ఇక్కడ పనికిరాదు. ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పేదానివి, గుర్తుందా? ఆ చురుకుదనమంటే నాకు ఎంత ముద్దో నీకూ తెలుసు. కాపరి చెప్పేది మాత్రం చివరిదాకా విను.

ఆబోతు దూడప్పటి సంగతులు కూడా అడుగు. పుట్టిన మొదటి ఆరు నెలల్లో కోడెదూడకు మేపు బాగుంటే వృషణాలు బాగా పెరుగుతాయి, యుక్తవయసుకు త్వరగా వస్తుంది. అప్పుడు కడుపు మాడ్చి తర్వాత ఎంత దాణా పోసినా ఆ లోటు తీరదు. పైగా వృషణ సంచి మెడ దగ్గర కొవ్వు పట్టి వేడి పెరుగుతుంది. నీ లెక్కల్లో ఆబోతు వయసు కూడా ఉండాలి. డీఎన్ఏ చూసి పశువును ఎంచుకునే జీనోమిక్ ఎంపిక వచ్చాక ఏడాది దాటీ దాటని కోడెల నుంచే వీర్యం తీస్తున్నారు, ఆ వయసులో వీర్యకణాల మిథైలేషన్ ఇంకా మారుతూ ఉంటుంది. వయసు తేడాను చూసి సంతానశక్తి తేడా అనుకునే ప్రమాదం ఉంది.

ల్యాబ్‌లో ఒక్క సంగతి. ప్రోటమిన్లు డైసల్ఫైడ్ బంధాలతో బిగిసి ఉంటాయి. ఆ బంధాలను విడదీసే డీటీటీ లాంటి రసాయనం వేయకపోతే వీర్యకణం తెరుచుకోదు, శాంపిల్‌లో కలిసిన తెల్ల రక్తకణాల డీఎన్ఏ మాత్రం సులువుగా వచ్చేస్తుంది. ఆబోతు వీర్యకణాల్లో మిథైలేషన్ మామూలు శరీర కణాల కంటే తక్కువ. కొద్దిపాటి కల్తీ చాలు, లేని తేడా కనిపించడానికి.

తేడా కనిపించగానే ఎపిజెనెటిక్స్ అనకు. ఫ్లెక్‌వీ జాతిలో కొన్ని ఆబోతులకు వీర్యం చూడటానికి మామూలుగానే ఉండి కూడా ఆవులు చూడి కట్టేవి కావు. 2014లో తేలిందేమిటంటే, టీఎంఈఎం95 అనే జన్యువులో మార్పు. అది పూర్తిగా జన్యుపరమైన లోపం. ముందు జన్యువులు చూడు. అలాగే తండ్రి పడ్డ కష్టమంతా దూడకు రాసిపెట్టి ఉంటుందని ఎవరైనా ఊరిస్తే తల ఊపకు. ఫలదీకరణ తర్వాత తండ్రి వైపు నుంచి వచ్చిన మిథైల్ గుర్తులు చాలావరకు చెరిగిపోతాయి, తల్లిదో తండ్రిదో ఒక్క ప్రతే పనిచేసే ముద్రిత జన్యువుల్లాంటి కొన్ని చోట్ల మాత్రం నిలుస్తాయి.

ఒక ఆబోతు మంచిదో కాదో చెప్పాలంటే వందల సూదుల ఫలితం కావాలి. అందులోనూ ఆవు ఎన్నో ఈత, ఏ నెల, సూది వేసింది ఎవరు, అన్నీ విడదీయాలి. అలా చేస్తే ఆ కుర్రాడి లాంటివాళ్ల మీద అన్యాయంగా నింద పడదు.

శాంపిల్‌తో పాటు నింపే ఫారం తయారు కాగానే నాకు ఒక కాపీ పంపు. జ్వరం, టీకాలు, మందులు, షెడ్డులో వేడి, మేత మార్పు, అంతకుముందు వీర్యం తీసిన తేదీ, కాపరి ఫోన్ నంబరు. వీటిలో ఏ గడి లేకపోయినా ఎర్ర పెన్నుతో రాసి తిప్పి పంపుతాను. అలగకూడదు.

నీ మామయ్య