ఏజెంటు ద్వారా ఫ్లాటు బేరమాడేటప్పుడు బయానా ఎప్పుడివ్వాలి?

హైదరాబాదులో పాత ఫ్లాటును ఏజెంటు ద్వారా కొనేవారు ముందుగా గ్రహించవలసినది, ఆయన చాలాసార్లు ఇరువైపులా కమీషన్ తీసుకుంటారు కనుక, మీరు ఎంతవరకు పెట్టగలరో ఆయనకు చెప్పడం అమ్మకందారుకు చెప్పినట్లే అవుతుంది. కమీషన్ ఎంతో, ఎప్పుడివ్వాలో మాత్రం మొదటి రోజే, కనీసం వాట్సాప్‌లోనైనా, రాయించుకోండి. 'ఇంకో పార్టీ రేపే బయానా ఇస్తోంది' అన్న మాట దాదాపు ప్రతి బేరంలోనూ వినిపిస్తుంది. దానికి తొందరపడి ఈసీ (ఆస్తిపై ఉన్న తాకట్టులు, రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు (ఫ్లాటు ఇంతకుముందు చేతులు మారిన పత్రాలు) చూడకుండా డబ్బు ఇవ్వకూడదు. బయానాను ఏజెంటు చేతికి కాక యజమాని ఖాతాకే పంపి, పత్రాల్లో లోపం తేలితే పూర్తిగా వాపసు ఇవ్వాలన్న షరతును రసీదులో రాయించాలి. బిల్డరు అమ్మే కొత్త ఫ్లాటైతే, 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం, రిజిస్టరైన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోరాదు. అలాంటి కొత్త ఫ్లాటు అమ్మించే ఏజెంటుకూ రెరా నమోదు సంఖ్య ఉండాలి.