కీచకహత్య అని ఎందుకు అనం?

సందేహం: శ్రీలంక అంతర్యుద్ధం మీద ఈమధ్య ఒక తెలుగు వ్యాసం చదివాను. అందులో జాఫ్నా మేయరు దురైయప్పను 'హతమార్చారు' అనీ, తమిళ నాయకుడు అమృతలింగం 'హత్య' అనీ, అధ్యక్షుడు ప్రేమదాస 'వధ' అనీ, కదిర్‌గామర్ 'హననం' అనీ రాశారు. ఇంగ్లీషులో మామూలు మనిషిని చంపితే ఒక మాట, నాయకుణ్ణి చంపితే వేరే మాట ఉంది. మనకు అలాంటిది లేదా? 'రాజకీయ హత్య' సాధువేనా? 'ఆత్మాహుతి దాడి', 'మానవబాంబు' – వీటిలో ఏది మేలు? 'ఈలం' అనాలా, 'ఈళం' అనాలా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం

సమాధానం: ఒక్క కార్డులో ఇన్ని ప్రశ్నలు కుక్కారు, మాస్టారూ. అన్నిటికీ సమానంగా చెప్పలేను. మొదటిదాని దగ్గరే చాలాసేపు కూర్చుంటాను, తక్కినవి లేచి వెళ్తూ చెప్తాను.

ఆ వ్యాసకర్త చేసిన పని నాకు అర్థమైంది. ఒకే మాట రెండుసార్లు వాడకూడదని ఆయనకు బళ్లో ఎవరో చెప్పి ఉంటారు. అందుకని పండగ పూట బట్టలు మార్చినట్టు పర్యాయపదాలు మార్చాడు. వధ, హత్య, హననం మూడూ 'హన్' కుటుంబమే కదా, ఏది వేస్తేనేం అనుకున్నాడు. అన్నదమ్ములే, కానీ ఒకరి చొక్కా ఒకరికి పట్టదు.

మీరు చెప్పిన ఇంగ్లీషు మాట 'అసాసినేషన్' సంగతి ఒక్క ముక్కలో: అది అరబ్బీ నుంచి వచ్చింది. పర్షియాలోని అలమూత్ కోట కేంద్రంగా ఉన్న నిజారీ ఇస్మాయిలీలకు (షియాలలో ఒక శాఖ) వాళ్ల శత్రువులు అంటగట్టిన తిట్టుపేరు. అంటే వాళ్లకూ అది సొంత సొమ్ము కాదు. మనకు లేదని చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

ఇక హత్య. ఈ మాటకు ఒక చిత్రమైన నియమం ఉంది. పాణిని 'హనస్త చ' అన్నాడు. 'హన్' ధాతువు ముందు ఒక నామపదం ఉంటేనే దానికి క్యప్ ప్రత్యయం చేరి, నకారం పోయి తకారం వచ్చి 'హత్యా' అవుతుంది. పాణిని సూత్రాల వ్యాఖ్య కాశికావృత్తి ఇచ్చిన ఉదాహరణలు బ్రహ్మహత్య, అశ్వహత్య. ముందు పదం లేకపోతే 'ఘాతం' అనాలి. ఉపసర్గ ఉన్నా పనికిరాదు, అప్పుడు 'ప్రఘాతం'. అంటే సంస్కృతంలో 'హత్య' ఒంటరిగా నిలబడే మాట కాదు. ఎవరిని చంపారో చెప్పిన తరవాతే అది నోట్లోంచి రావాలి. చచ్చినవాడి పేరు ముందు, చంపిన పని తరవాత.

నమ్మకం కుదరకపోతే అమరకోశం తీయండి. క్షత్రియవర్గంలో వధకు ముప్పై పేర్లు ఏకరువు పెట్టాడు అమరసింహుడు. ప్రమాపణం, నిబర్హణం, మారణం, విశసనం, నిహననం, ఘాతం, వధ అన్నీ ఉన్నాయి. హత్య లేదు. ఆ ముప్పైలో 'ఉద్వాసనం' మాత్రం ఉంది. మంత్రికి ఉద్వాసన పలికారని పత్రికలు శీర్షిక పెట్టినప్పుడల్లా నాకు ఆయన క్షేమం గురించి కంగారు పుడుతుంది. దేవుడికి ఉద్వాసన చెప్పడం వేరు లెండి, వినాయకుణ్ణి కదిలించి పంపిస్తాం.

తెలుగులోకి వచ్చాక హత్య ఒంటరిగా బతకడం నేర్చుకుంది. తప్పనను. తత్సమం మన గుమ్మం దాటాక మన ఇంటి మనిషే. కానీ పుట్టింటి గుణం పూర్తిగా పోలేదు. 'హత్య జరిగింది' అనగానే 'ఎవరిది?' అని అడుగుతాం. 'వధ' అంటే ఆ ప్రశ్న అంత తొందరగా రాదు. ఇంకో గుణం కూడా ఉంది. పుట్టుకకు బ్రాహ్మణుడైన వృత్రాసురుణ్ణి చంపినప్పుడు లోకం దాన్ని వృత్రవధ అని పొగిడింది. ఇంద్రుడికి మాత్రం బ్రహ్మహత్య చుట్టుకుంది. ముసలి చండాలి రూపంలో తరిమితే ఆయన మానససరోవరంలో తామరతూడులో దూరి దాక్కున్నాడని భాగవతం ఆరో స్కంధం. పని ఒకటే. చప్పట్లు కొట్టినప్పుడు వధ, వెంటబడినప్పుడు హత్య.

ఇప్పుడు మా తిక్కన దగ్గరికి వస్తాను. ఈ శీర్షిక చదివేవారికి ఆయన పేరు రాకుండా నేను ముగించనని తెలుసు. విరాటపర్వంలో కీచకుడి చావును నిదానంగా చూడండి. చచ్చినవాడు రాజుగారి బావమరిది, సేనాపతి, రాజ్యంలో పెత్తనమంతా అతనిదే. చంపినవాడు మారువేషంలో ఉన్న పరాయి దేశపు రాజకుమారుడు. స్త్రీ చేత కబురు పంపించి, మాపటివేళ నర్తనశాలకు రప్పించి, చీకట్లో కాచుకుని చంపాడు. తెల్లవారాక జనం ఏమన్నారు? గంధర్వులు చంపారన్నారు. ఇవాళ్టి పత్రికాభాషలో గుర్తు తెలియని వ్యక్తులు! మీరు అడిగిన ఆ ఇంగ్లీషు మాటకు ఇంతకన్నా నిండైన ఉదాహరణ మన సాహిత్యంలో దొరకదు. అయినా ఎనిమిది వందల ఏళ్లుగా ఎవరూ కీచకహత్య అనలేదు. కీచకవధే. ఎందుకంటే మనం కథను ద్రౌపది పక్కన నిలబడి వింటాం. 'మానముఁ బ్రాణముం గొనుట తథ్యంబు' అని ఆమె ముందే చెప్పేసింది. ఆ 'కొనుట' చూడండి, సంతలో సరుకు కొన్నంత సూటిగా ఉంది. నేటి 'బలిగొను' దాని బీద చుట్టం.

సౌప్తికంలో అదే భారతం పక్క మారుస్తుంది. నిద్రపోతున్న ధృష్టద్యుమ్నుణ్ణి అశ్వత్థామ కాలితో తన్ని లేపి, గొంతు నులుముతాడు. అతను అడిగింది ఒక్కటే, కనీసం ఆయుధంతో చంపు, వీరుల లోకానికి పోతాను అని. గురువును చంపినవాడికి లోకాలు లేవు పో, అంటాడు అశ్వత్థామ. చంపేముందు ముద్ర వేయడం ఇది. ఆచార్యఘాతి అని ఒకసారి అన్నాక అది హత్య కాదు, తీర్పు. వాడి లెక్కలో వధ.

మీ వ్యాసకర్త శ్రీలంక గురించి రాస్తూ చూసుకోవలసింది ఇక్కడే. 1975 జూలై 27న పొన్నాలై వరదరాజ పెరుమాళ్ కోవెలకు వచ్చిన ఆల్ఫ్రెడ్ దురైయప్పను కాల్చి చంపారు. కాల్చాడని చెప్పే ప్రభాకరన్‌కు, అంటే తరవాతి తమిళ పులుల నాయకుడికి, అప్పటికి ఇరవై ఏళ్లు. దురైయప్ప మీద వేసిన ముద్ర 'తురోగి'. మన ద్రోహే, తమిళ నోట అలా పలుకుతుంది. ఆ తరవాత ముప్పై ఏళ్లు ఆ ఒక్క మాట ఎంతమందిని తిన్నదో! 1989 జూలై 13న కొలంబోలో అమృతలింగం ఇంటికి మాట్లాడాలని వచ్చిన అతిథులే ఆయన్నీ, యోగేశ్వరన్‌నీ కాల్చేశారు. ఆ యోగేశ్వరన్ భార్య సరోజిని జాఫ్నా మేయరయింది. 1998 మేలో ఆమెనూ చంపారు. అధికార వికేంద్రీకరణ ముసాయిదా రాసిన న్యాయకోవిదుడు నీలన్ తిరుచెల్వం 1999 జూలైలో, విదేశాంగ మంత్రి కదిర్‌గామర్ 2005 ఆగస్టులో. వీళ్లంతా తమిళులే. ఇంద్రుడు దాక్కున్న తూడులో చోటుంటే ఆ ముద్ర వేసినవాళ్లకూ ఇద్దురు.

జాఫ్నా జనం మాత్రం ఈ వధలూ తీర్పులూ పట్టించుకోలేదు. ఇయక్కాల (సాయుధ ఉద్యమ సంస్థల) వాళ్లు ఎవరినైనా కాల్చేస్తే 'మండయిల పోట్టాంగ' అనేవారు, తలలో వేశారని. మన సీమలో 'ఏసేసినారు' అన్నట్టే. ఏ పక్షానికీ గౌరవం ఇవ్వని మాట అది. సామాన్యుడి వ్యాకరణం ఇలాంటి చోట్ల పండితుడి కన్నా నిక్కచ్చిగా ఉంటుంది.

అవతలి పక్షానికి, అంటే ప్రభుత్వం వైపు, 'ద్రోహి' అక్కర్లేకపోయింది, కర్మణి ప్రయోగం చాలింది. 2005 క్రిస్మస్ ప్రార్థనలో ఉన్న తమిళ ఎంపీ జోసెఫ్ పరరాజసింగం 'చంపబడ్డాడు'. 2006 నవంబరులో కొలంబోలో మరో తమిళ ఎంపీ రవిరాజ్ 'చంపబడ్డాడు'. 2009 జనవరిలో పత్రికా సంపాదకుడు లసంత విక్రమతుంగ ఆఫీసుకు వెళ్తూ 'చంపబడ్డాడు'. ఎవరు చంపారు? గంధర్వులు. తెలుగుకు ఈ 'బడు' ధాతువు మీద సహజంగా ప్రీతి లేదు. 'చంపారు' అంటే చాలు, కర్త పేరు చెప్పకపోయినా బహువచనంలో ఎవరో ఉన్నారని తెలుస్తుంది. 'హత్య గావింపబడ్డారు' అని రాసేవారిని చూస్తే నాకు చిరాకు. అందులో చనిపోయినవాడు తప్ప ఇంకెవరూ లేరు.

కాబట్టి నా మాట: దురైయప్ప నుంచి కదిర్‌గామర్ దాకా, ప్రేమదాసకైనా పరరాజసింగానికైనా హత్య అనే రాయండి. పదిసార్లు వస్తే పదిసార్లూ రాయండి, పునరుక్తి దోషం నేను మోస్తాను. వధ అంటే మీరు అశ్వత్థామ పక్కన నిలబడినట్టు. హననం సంస్కృతంలో దోషం లేని మాటే కానీ తెలుగులో బండరాయిలా ఉంటుంది.

'రాజకీయ హత్య' మాటకొస్తే కొంచెం తటపటాయిస్తున్నాను. బ్రహ్మహత్య అంటే బ్రాహ్మణుణ్ణి చంపడం, శిశుహత్య అంటే శిశువును చంపడం. ఆ వరసన చూస్తే రాజకీయహత్యలో చచ్చింది రాజకీయం. 'రాజకీయ' విశేషణమనుకుని, మధ్య ఖాళీ వదిలి, విడివిడిగా రాస్తే క్షమించవచ్చు. నేనైతే 'రాజకీయ కారణాలతో హత్య' అంటాను. అయితే అలవాటు పాణిని కన్నా బలమైనదని ఒప్పుకునే వయసు వచ్చింది నాకు. 'పరువు హత్య'ను మాత్రం ఒప్పుకోను. పరువును చంపడమని దాని అర్థం, నిజానికి చచ్చేది కన్నకూతురు. ఆమె పేరు ఉండాల్సిన చోట ఆ పరువు కూర్చుంది. 'సుపారీ హత్య'లో వక్కనెవరు చంపారో నాకు ఇప్పటికీ తెలియదు. 'హంతకుడు' శబ్దసాధుత్వం జోలికి ఇవాళ పోను, మరో వారం సరిపడా గొడవ అది.

ఆత్మాహుతి. దీని మీద నాకు ఎక్కువ అభ్యంతరం ఉంది. ఆహుతి అంటే అగ్నిలో మంత్రపూర్వకంగా వేల్చే హవిస్సు. ('హు' ధాతువు. పిలుపు అనే అర్థంలో 'ఆహూతి' వేరు. సభకు వచ్చిన 'ఆహుతులు' అని రాసి అతిథులను హోమగుండంలో వేసే విలేఖరులు దయచేసి ఊకారం గమనించాలి.) తమిళంలో ఆత్మహత్యకు మామూలు మాట 'తఱ్కొలై', తన్ను తాను చంపుకోవడం. పులులు ఆ మాటను తమ నల్లపులులకు, అంటే చావడానికి సిద్ధపడి దాడికి వెళ్లే దళానికి, వాడనివ్వలేదు. ఒక్క అక్షరం మార్చి 'తఱ్కొడై' అన్నారు. కొడై అంటే ఈవి, దానం. 'ల' తీసి 'డ' పెడితే పాపం కాస్తా పుణ్యమైపోయింది. 1987 జూలై 5న నెల్లియడిలో బాంబుల లారీ తోలుకుపోయిన కెప్టెన్ మిల్లర్ నుంచి లెక్క మొదలుపెట్టి, ఏటా ఆ రోజును నల్లపులుల దినంగా జరిపారు. చనిపోయిన వీరులను పాతిపెట్టారని కూడా అనరు, విత్తారంటారు. వాళ్లు అంత కష్టపడి ఒక అక్షరం మార్చి సంపాదించుకున్న పుణ్యాన్ని, మన పత్రికలు 'ఆత్మాహుతి' అని వాళ్లు అడగకుండానే దానం చేశాయి.

1991 మే 21 సాయంత్రం విశాఖపట్నంలో విమానమెక్కిన రాజీవ్‌గాంధీ, ఆ రాత్రి శ్రీపెరుంబుదూరులో కాళ్లకు దండం పెట్టబోయిన అమ్మాయి చేతుల్లో పోయాడు. నా ఎరుకలో 'మానవబాంబు' మన ఇళ్లలోకి వచ్చింది ఆ రోజుల్లోనే. నోటికి మోటుగా ఉంటుంది. మనిషినీ బాంబునూ సమాసం చేయడం కర్కశంగానూ ఉంటుంది, కానీ జరిగింది అదే కదా. ఈ రెంటిలో నా ఓటు మానవబాంబుకే. 'ఆత్మాహుతి దాడి' నిఘంటువుల్లోకి కూడా ఎక్కేసింది, దించడం నా వల్ల కాదు. మీరు రాసేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగండి.

చివరిది, ఈళం, అంటే శ్రీలంకకు తమిళ పేరు. తమిళంలో ఆ అక్షరం 'ఴ'. మన ప్రాచీన శాసనాల్లో ఆ అక్షరం ఉండేది, తరవాత ఎక్కువగా డకారమైంది. వాళ్ల కోఴి మనకు కోడి, ఏఴు మనకు ఏడు, చోఴుడు చోడుడు. ఆ లెక్క పట్టుకుంటే ఈఴం మనకు 'ఈడం' కావాలి. అలా రాసి పంపిస్తే అచ్చువేసే సంపాదకుడు కనిపించలేదు నాకు. 'ఈలం' అంటే ఎవరో ఈల వేస్తున్నట్టుంటుంది. ళకారంతోనే కానివ్వండి.