ఎర్ర ఏల్‌ను ఏ విభాగంలో పంపాలి: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి శ్రీకాంత్‌కు మామయ్య ఆశీస్సులు. శాక్రమెంటోలో మేమంతా క్షేమం. సియాటిల్‌లో నీవూ అమ్మాయీ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం శ్రద్ధగా చదివాను. ఇంట్లో తయారుచేసిన ఎర్ర బీరును పోటీకి పంపాలనుకుంటున్నావు, కానీ రంగు చూస్తే అమెరికన్ అంబర్ ఏల్‌లా (మాల్ట్ అనే మొలకెత్తించిన బార్లీ రుచి ముందుండే ఎర్రటి బీరు) ఉందనీ, హాప్స్ (బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే పూలు) వాసన చూస్తే ఐపీఏలా (ఇండియా పేల్ ఏల్, హాప్స్ ముందుండే బీరు) ఉందనీ, ఏ విభాగంలో నమోదు చేయాలో తేలడం లేదనీ రాశావు. 6.1 శాతం ఆల్కహాలు, లెక్క ప్రకారం 45 ఐబీయూల చేదు, 15 ఎస్‌ఆర్‌ఎంల రంగు అని వివరాలు కూడా ఇచ్చావు. నా సలహా ముందే చెబుతాను: గుక్క మింగిన తరువాత నోట్లో ఏది మిగులుతుందో దాన్ని బట్టి విభాగం నిర్ణయించుకో. రంగును బట్టి నిర్ణయించకు, కేవలం అంకెలను బట్టి అసలే నిర్ణయించకు.

అంకెలు ఎందుకు చాలవో చూడు. పోటీలకు ప్రమాణంగా వాడే బీజేసీపీ (బీరు న్యాయనిర్ణేతలను ధ్రువీకరించే సంస్థ) మార్గదర్శకాలలో అమెరికన్ అంబర్ ఏల్‌కు 4.5 నుంచి 6.2 శాతం ఆల్కహాలు, 25 నుంచి 40 ఐబీయూలు, 10 నుంచి 17 ఎస్‌ఆర్‌ఎంలు అని హద్దులు ఉన్నాయి. రెడ్ ఐపీఏకు 5.5 నుంచి 7.5 శాతం, 40 నుంచి 70 ఐబీయూలు. మామూలు అమెరికన్ ఐపీఏకు కూడా ఆల్కహాలూ చేదూ ఇవే హద్దులు, రంగు మాత్రం 6 నుంచి 14 వరకు. ఇప్పుడు 5.8 శాతం ఆల్కహాలు, 40 ఐబీయూలు, 14 ఎస్‌ఆర్‌ఎంలు ఉన్న బీరును ఊహించుకో. అది ఈ మూడు విభాగాలలోనూ ఏ నియమాన్నీ దాటకుండా నిలబడుతుంది. నీ బీరు 45 ఐబీయూలతో అంబర్ హద్దును కొద్దిగా దాటిన మాట నిజమే. అయితే ఇంట్లో మనం కట్టే ఐబీయూ లెక్క అంచనాయే తప్ప కొలత కాదు. ఒకే హాప్స్ మోతాదుకు ఒక సూత్రం ఒక అంకె ఇస్తే, ఇంకొక సూత్రం వేరే అంకె ఇస్తుంది. అయిదు ఐబీయూల తేడాను పట్టుకుని ఒక బీరు పేరు మార్చడం సరికాదు.

ఈ శైలులు ఇలా ఒకదానిలో ఒకటి కలిసిపోవడం ఎవరో అజాగ్రత్తగా రాయడం వల్ల జరగలేదు. అవి పుట్టినదే ఒకే కుదురు నుంచి. 1972లో విడుదలైన కాస్కేడ్ అనే రకం హాప్స్‌తో, ఆ తరువాతి ఏళ్లలో కాలిఫోర్నియాలోని చిన్న బ్రూవరీలు పేల్ ఏల్ అనే లేత రంగు బీరు చేయడం మొదలుపెట్టాయి. దానిలో క్రిస్టల్ మాల్ట్ (పాకం రుచినీ ఎరుపునూ ఇచ్చే మాల్ట్) పెంచితే అంబర్ అయింది, హాప్స్ పెంచితే ఐపీఏ అయింది, రెండూ పెంచితే నీవు ఇప్పుడు చేతిలో పట్టుకున్న బీరు అయింది. మా ఉత్తర కాలిఫోర్నియాలోనూ, మీ వాషింగ్టన్, ఒరెగాన్ వైపునా అంబర్‌ను రెడ్ అని పిలవడమూ అలవాటే. హోప్‌ల్యాండ్ అనే చిన్న ఊళ్లో 1983లో మొదలైన మెండొసీనో బ్రూయింగ్ వారి రెడ్ టెయిల్ ఏల్ ఆ తరం బీరే. ఆ కంపెనీ 1997లో మన విజయ్ మాల్యా చేతికి వచ్చి, 2018లో మూతపడింది. కింగ్‌ఫిషర్ తాగి పెరిగిన మన వాళ్లలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ కనుక చెబుతున్నాను.

తయారీదారులు పెట్టుకునే పేర్లను చూసినా హద్దులు ఇలాగే చెదిరి ఉంటాయి. సియెర్రా నెవాడా వారు 1981 నుంచి ప్రతి శీతాకాలం తెచ్చే సెలబ్రేషన్ ఏల్‌ను వెలుతురుకు ఎత్తి చూస్తే రాగి ఎరుపు స్పష్టంగా కనిపిస్తుంది, క్రిస్టల్ మాల్ట్ రుచీ తెలుస్తుంది. అయినా దానికి ఐపీఏ అనే పేరు, 6.8 శాతం ఆల్కహాలు, 65 ఐబీయూలు. పెన్సిల్వేనియాలోని ట్రోగ్స్ వారి నగెట్ నెక్టార్ చేదులో అంతకన్నా ఎక్కువే, కానీ వారు దానిని ఇంపీరియల్ అంబర్ అంటారు. కిలియన్స్ ఐరిష్ రెడ్ అని కూర్స్ వారు అమ్మేది ఏల్ (వెచ్చగా పులిసే బీరు) కూడా కాదు, లాగర్ (చల్లగా పులిసే బీరు). అసలైన ఐరిష్ రెడ్ ఏల్ వేరే దారిది. 18 నుంచి 28 ఐబీయూలతో హాప్స్ వాసన దాదాపు లేకుండా ఉంటుంది కనుక నీ బీరుకు దానితో పని లేదు.

రంగు గురించి నీవు పడుతున్న ఆందోళనకు నా దగ్గర గట్టి సమాధానం ఉంది. బీజేసీపీ స్కోరు షీటులో మొత్తం 50 మార్కులు. వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోటిలో తగిలే తీరుకు 5, మొత్తం అనుభూతికి 10. చూపుకు ఇచ్చే ఆ మూడు మార్కులలో రంగుతోపాటు నురుగూ స్వచ్ఛతా కూడా కలిసే ఉంటాయి. నీ ఉత్తరంలో సగభాగం తీసుకున్న విషయానికి న్యాయనిర్ణేత చేతిలో సుమారు ఒక్క మార్కే ఉంటుంది. వాసన, రుచి కలిపి ముప్పై రెండు మార్కులు, అక్కడే నీ బీరు నిలుస్తుంది లేదా పడిపోతుంది.

అందువల్ల ఇలా చేయి. సీసాను ఫ్రిజ్‌లోంచి తీసి గ్లాసులో పోసిన తరువాత పది పదిహేను నిమిషాలు ముట్టుకోకు. 5 డిగ్రీల చల్లదనంలో మాల్ట్ రుచి దాక్కుని ఉంటుంది, హాప్స్ చేదు ఒక్కటే పైకి కనబడుతుంది, కనుక ఆ స్థితిలో ప్రతి ఎర్ర బీరూ ఐపీఏలాగే అనిపిస్తుంది. 10, 12 డిగ్రీలకు వచ్చిన తరువాత ముక్కు దగ్గర పెట్టి చూడు. ముందుగా అందేది పంపరపనస తొక్క, పైన్ చెట్టు జిగురు వాసనా, లేక ముదిరిన పంచదార పాకం, బాగా కాలిన రొట్టె అంచు వాసనా? తరువాత ఒక గుక్క మింగి అర నిమిషం ఏమీ మాట్లాడకుండా, నీళ్లు కూడా తాగకుండా ఆగు. గొంతు మొదట్లో శుభ్రమైన చేదు నిలిచి, నాలుక పొడిగా అయి, మరొక గుక్క కావాలనిపిస్తే అది రెడ్ ఐపీఏ. చేదు ముందే తగ్గిపోయి, నాలుక మీద పాకం తీపి పూతలా మిగిలితే అది అంబర్, దాని ఐబీయూలు ఎన్నయినా సరే.

ఒక్కడివే కూర్చుని నిర్ణయించుకోవద్దు. తన చేత్తో చేసిన బీరులో తాను వేసిన ప్రతి హాప్స్ పొట్లం రుచీ తయారుచేసినవాడికి కనిపిస్తుంది. దుకాణం నుంచి ఒక అంబర్, ఒక ఎర్ర రంగు ఐపీఏ తెచ్చుకుని, ఏది ఏదో నీకు చెప్పకుండా మూడూ ఒకే రకం గ్లాసులలో పోసి ఇమ్మని అమ్మాయిని అడుగు. ఏ రెండు గ్లాసులు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయో కాగితం మీద రాసిన తరువాతే పేర్లు తెలుసుకో. నార్త్ కోస్ట్ బ్రూయింగ్ వారి రెడ్ సీల్ ఏల్ మీ దగ్గర దొరికితే అంబర్ స్థానంలో దానిని పెట్టుకో. 5.4 శాతం ఆల్కహాలుతో, నలభైకి అటూ ఇటూ చేదుతో సరిగ్గా ఈ సరిహద్దు మీద నిలబడిన బీరు అది. సీసా మీద తేదీ చూసి కొను. పాతబడిన హాప్స్ బీరును కొలబద్దగా పెట్టుకుంటే పరీక్షే తప్పుతుంది.

తేలిన ఫలితం ఏదైనా, తరువాతి విడత మొదలుపెట్టేటప్పుడు ముందే ఒక నిర్ణయం తీసుకోవాలి: మాల్ట్ నడిపించాలా, హాప్స్ నడిపించాలా? మన ఇళ్లలో చేసే ఎర్ర బీర్లు చెడేది ఎక్కువగా క్రిస్టల్ మాల్ట్ దగ్గరే. ఆ గింజను తడిగా ఉండగానే వేడిచేయడం వల్ల లోపలి పిండి పదార్థం చక్కెరగా మారి, తరువాతి వేపుడుతో గట్టిపడుతుంది. ఆ చక్కెరలో కొంత భాగాన్ని ఈస్ట్ తినలేదు, అదే బీరులో తీపిగా మిగిలిపోతుంది. ఎరుపు కోసం దానిని పదిహేను శాతం దాకా వేసేవారు ఉన్నారు. ఆ మోతాదులో వేసిన బీరుకు ఎన్ని హాప్స్ జోడించినా చేదు ఒక పక్కా తీపి ఇంకొక పక్కా విడివిడిగా నిలుస్తాయే తప్ప కలవవు. రెడ్ ఐపీఏలో క్రిస్టల్ మాల్ట్ పులుసులో బెల్లంలా ఉండాలి. ఉన్నట్టు తెలియాలి, తీపి మాత్రం పైకి రాకూడదు.

19 లీటర్ల విడతకు నేను నమ్మే కొలత ఇది: పేల్ మాల్ట్ నాలుగున్నర కిలోలు, మ్యూనిక్ మాల్ట్ అర కిలో, 40 అంకె క్రిస్టల్ 250 గ్రాములు, 120 అంకె క్రిస్టల్ 150 గ్రాములు (అంకె పెరిగేకొద్దీ మాల్ట్ రంగు ముదురు), వేపిన బార్లీ 50 గ్రాములు. క్రిస్టల్ రెండూ కలిపినా ఏడు శాతం చిల్లర మాత్రమే. ఎరుపులో చెప్పుకోదగ్గ భాగం ఆ గుప్పెడు వేపిన బార్లీ ఇస్తుంది. దానిని మాష్ (మాల్ట్‌ను వేడి నీళ్లలో నానబెట్టడం) చివరి పదిహేను నిమిషాలలో వేస్తే రంగు దిగుతుంది, కాఫీ వగరు దిగదు. మాష్‌ను 65, 66 డిగ్రీల దగ్గర ఉంచు, అంతకు మించితే తీపి మిగిలిపోతుంది. మొదటి గ్రావిటీ (పులియకముందు నీటితో పోల్చిన సాంద్రత) 1.063 దగ్గర, ఆఖరి గ్రావిటీ (పులిసిన తరువాతది) 1.013 దగ్గర వస్తే ఆల్కహాలు ఆరున్నర శాతం అవుతుంది. శుభ్రంగా పులిసే అమెరికన్ ఏల్ ఈస్ట్ చాలు.

హాప్స్‌లో చేదు కోసం గంటసేపు మరిగేలా కొలంబస్ 20 గ్రాములు, చివరి పది నిమిషాలలో సిమ్కో 30 గ్రాములు, మంట ఆర్పిన తరువాత సెంటెన్నియల్ 40 గ్రాములు వేయి. పులియడం ముగిశాక సిమ్కో, సెంటెన్నియల్ సమానంగా కలిపి 60 గ్రాములతో మూడు నాలుగు రోజులు డ్రై హాపింగ్ చేయి, అంటే మరిగించకుండా బీరులోనే నానబెట్టు. ఈ రోజుల్లో అందరూ మెచ్చే మామిడి, పాషన్ ఫ్రూట్ వాసనల హాప్స్‌ను ఎర్ర బీరులో వాడవద్దని నా అభిప్రాయం. పాకం పక్కన ఆ పండ్ల వాసన మగ్గిపోయినట్టుగా తోస్తుంది, పైన్, పంపరపనస వాసనలైతే పాకాన్ని కోసుకుంటూ పైకి వస్తాయి. నీవు హాప్స్ పండే యకిమా లోయకు రెండు మూడు గంటల దూరంలోనే ఉన్నావు, ఆగస్టు చివర, సెప్టెంబరులో కోత జరిగేటప్పుడు ఒకసారి వెళ్లి చేత్తో నలిపి వాసన చూసి ఎంచుకో.

ఎప్పుడైనా ఏడున్నర శాతం దాటిన ఎర్ర బీరు చేస్తే మళ్లీ ఇదే చిక్కు వస్తుంది. అది డబుల్ బలం ఉన్న రెడ్ ఐపీఏ కావచ్చు, అమెరికన్ స్ట్రాంగ్ ఏల్ కావచ్చు. అప్పుడూ ఇదే పరీక్ష: పొడిగా ముగిస్తే మొదటిది, బరువుగా, మాల్ట్‌తో ముగిస్తే రెండవది.

ఇక పోటీ ఫారం సంగతి. రెడ్ ఐపీఏగా పంపాలని తేలితే స్పెషాల్టీ ఐపీఏ విభాగంలో ఉపశైలి పేరు రెడ్ ఐపీఏ అనీ, బలం స్టాండర్డ్ అనీ స్పష్టంగా రాయాలి. ఉపశైలి రాయకపోతే న్యాయనిర్ణేతకు ఏది ఆశించాలో తెలియదు. సీసాలను గడువుకు దగ్గరలోనే పంపు, అప్పటివరకు చల్లగా ఉంచు. నింపేటప్పుడు గాలి తగలకుండా జాగ్రత్తపడు, ఎందుకంటే గాలి తగిలిన క్రిస్టల్ మాల్ట్ కొద్ది వారాల్లోనే పాత ఎండుద్రాక్ష రుచికి దిగిపోతుంది, హాప్స్ వాసన అంతకన్నా ముందే పోతుంది. సీసాల మీద లేబుళ్లు, మూతల మీద గుర్తులు ఏవీ ఉండకూడదు. స్కోరు షీట్లు చేతికి వచ్చాక రుచి విభాగంలో వారు రాసిన వ్యాఖ్యలను పూర్తిగా రాసి నాకు పంపు. తరువాతి విడతలో 120 అంకె క్రిస్టల్‌ను తగ్గించాలా, ఉంచాలా అన్నది వాటిని చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య