కారవాన్ కట్టించుకుంటున్న బాబుకి పెద్దమ్మ ఉత్తరం

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

చిరంజీవి బాబుకి, కోడలికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన కొటేషన్ నిన్న రాత్రి మీ పెదనాన్నగారూ నేనూ కూర్చుని రెండుసార్లు చదివాం. టెంపో ట్రావెలర్ కొని కారవాన్‌గా, అంటే పడకా వంటా లోపలే ఉండే బండిగా మార్పించుకుంటున్నావంటే మాకు ఎంత సంబరంగా ఉందో! ఇవన్నీ ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. సోమవారం అడ్వాన్స్ ఇస్తానన్నావు కదా, ఈలోపే ఇద్దరూ కలిసి చదవండి.

ఆ కాగితంలో 43 అంగుళాల టీవీ ఉంది, రంగులు మారే లైట్లు ఉన్నాయి, ఒక టన్ను ఏసీ ఉంది. తలుపు దగ్గర ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి కడ్డీ లేదు. కిటికీలకి దోమల మెష్ లేదు. బయట కాళ్లు కడుక్కోవడానికి కుళాయి లేదు. మేం ఎనిమిదేళ్ల నుంచి మా కారవాన్‌లో తిరుగుతున్నాం. దారిలో ఇలాంటి బండి కనిపిస్తే ఆగి పలకరించడం మాకు అలవాటు. మీ బండిలో మీకు బాగా నచ్చిందేంటని అడిగితే టీవీ అన్నవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ తగల్లేదు. పక్క దులిపి పడుకోవడమే అంటారు, టాయిలెట్ అంటారు. అరకులో కలిసిన ఒకావిడ మెట్టు పక్కన చెప్పుల కోసం చేయించుకున్న చిన్న అర చూపించి, ఇది లేకపోతే నేను బండెక్కను అంది. రోజుకి పదిసార్లు చెయ్యి వెళ్లే వస్తువు మీదే మనసు పడుతుంది బాబూ. నీ కాగితం పక్కన పెట్టుకుని, ఏ వస్తువుని రోజుకి ఎన్నిసార్లు వాడతారో ఒక్కొక్కదాని పక్కనా రాసి చూడు.

ముందు పడక సంగతి చెబుతాను. నీ డ్రాయింగ్‌లో పగలు సోఫా, బల్ల. రాత్రి బల్ల దించి కుషన్లు సర్దితే మంచం. మేమూ మొదట అలాగే చేయించాం, చోటు కలిసొస్తుందని. జనవరిలో లంబసింగి వెళ్లాం. మొదటి రెండు రాత్రులూ సరదాగానే ఉంది. మూడో రాత్రి చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి, బల్ల మీద తిన్న కంచాలు అలాగే ఉన్నాయి, మీ పెదనాన్నగారికి నడుం పట్టేసింది. ఆయన నడుం వాల్చాలంటే ముందు కంచాలు తియ్యాలి, బల్ల కాలు మడవాలి, నాలుగు కుషన్లు వరసలో పెట్టాలి, దుప్పటి పరవాలి. ఆ పావుగంటా ఆయన తలుపు పట్టుకుని నిలబడే ఉన్నారు. తిరిగొచ్చిన వారంలోనే వెనకవైపు కదలని మంచం వేయించాం. ఆ తర్వాత మా ప్రయాణాల తీరే మారిపోయింది. మధ్యాహ్నం ఏ చెట్టు కిందో బండి ఆపుకుని అరగంట కునుకు తీస్తున్నాం. సాయంత్రం చేరాక పడక గురించి ఆలోచనే లేదు. బల్ల కావాలంటే చిన్నది, గోడకి మడిచేది పెట్టించుకో, ఇద్దరికి చాలు. నువ్వు పొడుగరివి, మంచం బండికి అడ్డంగా వేస్తే కాళ్లు చాపడానికి చాలుతుందో లేదో అక్కడే పలక పరిపించి పడుకుని చూడు, టేపు కొలతని నమ్ముకోకు. మంచం కింద చోటు వెనక తలుపులోంచి అందేలా ఉంచు. మడత కుర్చీలు, బియ్యం, నీళ్ల పైపు అన్నీ అక్కడే.

బండి కదులుతున్నప్పుడు మాత్రం ఆ మంచం మీద ఎవరూ ఉండకూడదు. బుజ్జిదానికి ముందుకు చూసే సీటు, సరైన బెల్టు, దాని మీద పిల్లల సీటు బిగించే ఏర్పాటు తప్పనిసరి. నీ డ్రాయింగ్‌లో పక్కకి తిరిగి ఉండే సోఫా తప్ప ఇంకేం కనబడలేదు నాకు. మిగతావన్నీ నీ ఇష్టం, ఇది మాత్రం పెద్దమ్మ ఆజ్ఞ అనుకో.

ఇక సొరుగులు. విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లు ఉంటుంది, ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది. మొదటిసారి వెళ్లినప్పుడు అనంతగిరి మలుపుల్లో పై సొరుగు దానంతటదే తెరుచుకుంది. మాగాయ సీసా కిందపడింది, మందపాటి గాజు కాబట్టి పగల్లేదు. దొర్లుకుంటూ ముందుకి పోయింది. నేను బెల్టు విప్పి వంగేలోపే అది డ్రైవర్ సీటు పక్కకి చేరింది. ఇంకో జానెడు వెళ్లి ఉంటే బ్రేక్ పెడల్ కింద ఇరుక్కునేది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఆ సీసా మూత మీద నా చెయ్యి పడ్డప్పుడు వేళ్లు ఎలా వణికాయో ఇప్పటికీ గుర్తుంది. ఇంట్లో కబోర్డులకి పెట్టే అయస్కాంతాలు బండికి పనికిరావు. బటన్ నొక్కితేనే వచ్చేవి, లేదా కాస్త పైకి ఎత్తి లాగితేనే వచ్చే సొరుగులు చేయించు. అరలకి ముందు రెండంగుళాల పట్టీ ఉండాలి. బరువైనవన్నీ కింద, తేలికవి పైన.

దీనికోసం ఒక పని చెయ్యి. ఆదివారం ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామిలోకి వెళ్లి రా. చిన్నప్పుడు చూశావు, ఇప్పుడు బండి కట్టించుకునేవాడి కళ్లతో చూడు. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసింది, 2002 నుంచి ఇలా మ్యూజియంగా ఉంది. 91 మీటర్ల పొడవు ఉన్నా లోపల మనిషి పక్కకి ఒత్తిగిల్లి నడవాల్సిన ఇరుకు. అందులో 75 మంది దాకా రోజుల తరబడి బతికారు. పడకలు గోడలకి ఎలా బిగించారో, చేతికి పట్టు ఎక్కడెక్కడ ఇచ్చారో చూడు. షిప్‌యార్డులో పనిచేసిన మీ పెదనాన్నగారు మా బండి లోపల చేసిన మంచి మార్పులన్నీ ఓడ క్యాబిన్లు చూసిన అనుభవంతో చేసినవే. నీకు తోడుగా వస్తానంటున్నారు కూడా.

ఏసీ గురించి నువ్వు కోడలితో వాదించుకున్నావని మీ అమ్మ చెప్పింది. లెక్క చెబుతాను, మీరే తేల్చుకోండి. నీ కాగితంలో ఉన్నది 12.8 వోల్టుల, 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ. రెండూ గుణిస్తే 2,560 వాట్ అవర్లు, అంటే మన కరెంటు బిల్లు భాషలో రెండున్నర యూనిట్లు. టన్ను ఏసీ గంటకి సుమారు ఒక యూనిట్ తింటుంది. రెండు గంటలు దాటగానే బ్యాటరీ ఖాళీ, ఫ్రిజ్‌కి కూడా ఉండదు. అదే చిన్న 12 వోల్టుల ఫ్రిజ్‌కి రోజుకి అరయూనిట్ అటూఇటూ, 25 వాట్ల ఫ్యాన్లు రెండు రాత్రంతా తిరిగినా 0.4 యూనిట్. లైట్లు, ఫోన్లు కలిపినా ఒకటిన్నర దాటదు. పైకప్పు మీద 400 వాట్ల సోలార్ పెడితే మంచి ఎండ రోజున అంతా తిరిగొస్తుంది. ముసురు పట్టినప్పుడు రాదు, అందుకని ఇంజిన్ నడుస్తుంటే చార్జ్ అయ్యేలా డీసీ చార్జర్ కూడా అడుగు. ఏసీ కావాలంటే పెట్టించుకో, కానీ ప్లగ్గు దొరికే చోట మాత్రమే నడిచే వస్తువుగా లెక్కేసుకో.

ఏసీ కన్నా ముందు గాలి వచ్చే దారి చూడాలి. మన విశాఖ ఉక్క నీకు తెలియనిది కాదు. ఎదురెదురుగా రెండు కిటికీలు, పైకప్పులో వేడిగాలిని బయటకి లాగే ఫ్యాను ఒకటి ఉంటే ఏప్రిల్‌లో కూడా భీమిలి రోడ్డులో సముద్రం వైపు తలుపు పెట్టుకుని పడుకోగలుగుతాం. మెష్ లేకపోతే మాత్రం కిటికీ ఉన్నా లేనట్టే. ఏజెన్సీలో మలేరియా భయం ఎప్పటినుంచో ఉన్నదే, పసిపిల్లతో వెళ్తున్నారు. పైకప్పుకి లోపల ఫోమ్ మందంగా పరిపించు, పైన తెల్ల రంగు వేయించు. 

టాయిలెట్ వద్దనుకున్నారట, వాసన అని, చోటు దండగ అని. కోడలు నోరు విప్పి చెప్పిందో లేదో, నేను చెబుతాను. రాత్రి పదకొండు గంటలకి హైవే మీద ఆడవాళ్లకి పెట్రోల్ బంకు తప్ప దిక్కు లేదు. అక్కడ తలుపుకి గడియ ఉండదు, లేదా తాళం వేసి ఉంటుంది. ఆ భయానికి నీళ్లు తాగడం మానేసిన ప్రయాణాలు నా వయసులో ఎన్నో ఉన్నాయి. నాకు షుగర్ వచ్చాక ఇంకా కష్టమైంది. మా బండిలో పెద్ద బాత్రూమ్ ఏం లేదు. మంచం పక్కన అరలోంచి బయటకి లాగే, 20 లీటర్ల డబ్బా ఉన్న చిన్న టాయిలెట్, చుట్టూ తెర. డబ్బాలో మందు ద్రావణం పోస్తే వాసన రాదు. రెండు రోజులకోసారి ఆ డబ్బాని ఎక్కడైనా మామూలు టాయిలెట్‌లోనే పారబోసి కడగాలి, కాలవలోనో తుప్పల్లోనో కాదు. ఆ పని మీ పెదనాన్నగారే చేస్తారు, ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. ఈ బండిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. నువ్వూ ఆ పని నీ వంతు అనుకుని పెట్టించు.

నీళ్ల ట్యాంకు పైకప్పు మీద పెడతామన్నారా? ఒప్పుకోకు. వంద లీటర్లంటే వంద కిలోలు. అంత బరువు నెత్తిన పెట్టుకుని ఘాట్ ఎక్కితే ప్రతి మలుపులోనూ బండి ఊగుతుంది. ట్యాంకు కింద, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్యలో ఉండాలి, చిన్న 12 వోల్టుల పంపు చాలు. మా ఇద్దరికీ వంద లీటర్లు రెండు రోజులు వస్తాయి, పసిపిల్ల ఉన్న మీకు అంతకాలం రావు. వెనక తలుపు దగ్గర పైపుతో ఒక కుళాయి అడుగు. రుషికొండలో ఆడుకుని బుజ్జిది ఇసుక కాళ్లతో నేరుగా పక్క మీదకి ఎక్కినరోజు నన్ను తలుచుకుంటావు.

వంటింటి గురించి ఎక్కువ చెప్పను, ఒక పొయ్యి, ఒక సింకు, ఉల్లిపాయ తరుక్కునేంత గట్టు ఉంటే చాలు. మేం సగం వంట బయటే చేస్తాం. గ్యాస్ జాగ్రత్త మాత్రం చెప్పి తీరాలి. ఎల్పీజీ గాలి కన్నా బరువు, లీకైతే నేలకి దిగి నిలుస్తుంది. అందుకని సిలిండర్ అరలో అడుగున బయటకి తెరుచుకునే కన్నం ఉండాలి. చలిగా ఉందని తలుపులు మూసి పొయ్యి వెలిగించి వెచ్చబడాలని ఎప్పుడూ చూడకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దాన్ని పసిగట్టి మోగే అలారం ఒకటి, గ్యాస్ లీకుకి ఒకటి, చిన్న మంటలార్పే సిలిండర్ ఒకటి ఇవాళే జాబితాలో రాసుకో.

మన ఊళ్లో బండికి పెద్ద శత్రువు ఉప్పు గాలి. మాకు మొదట బిగించిన మామూలు స్క్రూలు రెండో ఏడాదికే తుప్పు పట్టి, అలమర తలుపు చేతిలోకి ఊడొచ్చింది. స్క్రూలు, కీళ్లు స్టెయిన్‌లెస్ స్టీలువి, ఉప్పుకి బాగా తట్టుకునే 316 గ్రేడ్ అయితే మరీ మంచిది. ప్లైవుడ్ తడికి తట్టుకునే మెరైన్ రకమే వాడమని రాయించుకో. బీచ్ నుంచి రాగానే బండి అడుగుభాగం మంచినీళ్లతో కడిగించడం అలవాటు చేసుకో. పైకప్పుకి కొట్టే ప్రతి కన్నం రేపు వాన కారే చోటే, కాబట్టి ఎన్ని తక్కువైతే అంత మేలు. ఏటా వానలకి ముందు సీలెంట్ చూసుకోవాలి. అక్టోబర్‌లో తుపాన్లు వచ్చే ఊరు మనది. 2014లో హుద్‌హుద్ తర్వాత మన వీధిలో రోజుల తరబడి కరెంటు లేక, నీళ్లు లేక పడ్డ పాట్లు నువ్వూ చూశావు. అప్పటికి మాకు ఈ బండి లేదు. ఇప్పుడు తుపాను హెచ్చరిక రాగానే ట్యాంకు నింపి, బ్యాటరీ చార్జ్ చేసి గోడ వారగా పెట్టేస్తాం. కరెంటు పోతే ఇంటిల్లిపాదికీ ఫోన్లు, ఒక ఫ్యాను, తాగడానికి ఒక రోజు నీళ్లు అక్కడ ఉన్నట్టే.

కాగితాల పని చివర చూసుకుందాంలే అనుకోకు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం బండిని ఇలా మార్చాలంటే రవాణా శాఖ అనుమతి కావాలి, ఆర్‌సీలో మార్పు ఎక్కాలి. మోటార్ కారవాన్లకి ఏఐఎస్-124 అని ఒక ప్రమాణం ఉంది. సీట్లు, బల్ల, పడక, వంట సదుపాయం, సామాను చోటు ఉండాలని అందులో ఉంటుంది. మీ మేస్త్రీ పని ఆ ప్రమాణం ప్రకారం జరుగుతుందా, అనుమతి ఎవరు తెస్తారు అన్నది అడ్వాన్స్ ఇవ్వకముందే రాతపూర్వకంగా తీసుకో. ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పు. మేం ఆ పని ఆలస్యం చేసి మూడు నెలలు బండి షెడ్డులోనే పెట్టుకున్నాం.

అసలు ఇన్ని మాటలెందుకు, సోమవారం అడ్వాన్స్ ఒక వారం వాయిదా వెయ్యి. ఈ శుక్రవారం సాయంత్రం ముగ్గురూ వచ్చెయ్యండి. మా బండి తీసుకుని రెండు రాత్రులు ఎక్కడైనా ఉండి రండి, భీమిలి దాకా వెళ్లినా చాలు. ఏం పనికొచ్చిందో, ఏది అడ్డం వచ్చిందో కోడలు ఒక కాగితం మీద, నువ్వు ఒక కాగితం మీద విడివిడిగా రాసుకోండి. తాళాలు దేవుడి గదిలో మేకుకి ఉంటాయి. ట్యాంకు నింపి ఉంచుతాను. సింకు కుళాయి కాస్త వదులైంది, మెల్లగా తిప్పండి. బుజ్జిదానికి నువ్వులుండలు డబ్బాలో పెట్టి బండిలో పై సొరుగులో ఉంచాను, బటన్ నొక్కితేనే వస్తుందని చెప్పు.

మీ పెద్దమ్మ