రికవరీ కీ ఎవరి ఖాతాలో ఉంది?

ప్రశ్న: ఇంటి దగ్గరే చిన్న వ్యాపారుల పద్దులు రాస్తూ, జీఎస్టీ రిటర్నులు వేస్తూ ఇల్లు నడుపుకుంటున్నాను. 2024 జనవరిలో మా ఊళ్లోని ఒక షాపులో ల్యాప్‌టాప్ కొని, ఏడాది సర్వీసుకు విడిగా డబ్బు కట్టాను. ఆ రోజు షాపు కుర్రాడే తన మెయిల్‌తో అన్నీ సెట్ చేసి ఇచ్చాడు. నవంబరులో విండోస్ 11 24హెచ్2 అప్‌డేట్ మాటిమాటికీ సగంలో ఆగి, పాత వెర్షన్‌కే తిరిగొచ్చేది. 18వ తేదీన షాపు టెక్నీషియన్ ఇంటికొచ్చి బయోస్ (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశాడు. రీస్టార్ట్ కాగానే నీలి తెర మీద 48 అంకెల బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఏర్పాటు) కీ అడిగింది. ఆనాటి నుంచి తెరుచుకోలేదు. ఇన్నాళ్లు తిప్పుకొని, ఇప్పుడు ఉచితంగా ఫార్మాట్ చేసి కొత్త విండోస్ వేసిస్తామంటున్నారు. నా లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి, నిద్ర పట్టడం లేదు. ఎనిమిది లక్షల పరిహారం వస్తుందా? కొని రెండేళ్లు దాటింది, గడువు పోయినట్టేనా?

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చే వాక్యం ఒక్కటే ఉంది, దాన్ని మీరు యథాలాపంగా రాసి వదిలేశారు: షాపు కుర్రాడు తన మెయిల్‌తో సెట్ చేశాడు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదటిసారి లాగిన్ అయినప్పుడే డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే ఈ బిట్‌లాకర్ తాళం, దానంతట అదే మొదలై, రికవరీ కీ ఆ ఖాతాలోకి చేరుతుంది. అంటే మీ కీ పోయి ఉండకపోవచ్చు, షాపు వాళ్ల ఖాతాలో ఉండి ఉండవచ్చు. కాబట్టి మీరు మొదట అడగవలసింది పరిహారం కాదు, కీ.

బయోస్ అప్‌డేట్ చేయడమే తప్పని వాదించకండి, నిలవదు. అలా వెనక్కి తిరిగే అప్‌డేట్లకు డ్రైవర్లు, బయోస్ తరచుగా కారణమవుతాయి కనుక వాటిని సరిచేయడం మామూలు మరమ్మతే. అయితే బయోస్ మారితే కంప్యూటర్‌లోని టీపీఎం చిప్ తాళం తీయడానికి నిరాకరించవచ్చు. అందుకే ముందుగా బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపి, కీ చేతిలో ఉందో లేదో చూసుకుని పనిలో దిగాలి. ఈ జాగ్రత్త తీసుకోకపోవడమే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవాలోపం. తన మెయిల్‌తో సెట్ చేసిన కుర్రాడు ఉద్యోగం మానేశాడని షాపు వాళ్లు చెప్పవచ్చు. అతను షాపు తరఫున చేసిన పనికి షాపే బాధ్యత వహించాలి.

ఇక వాళ్లు ఇస్తామంటున్న ఉచిత ఫార్మాట్‌కు ఒప్పుకోవద్దు. అలా వేసే క్లీన్ ఇన్‌స్టాల్ అంటే డిస్క్‌లోని పాత పార్టిషన్లు (విభాగాలు) తుడిచేయడం. ఆ తర్వాత కీ దొరికినా దానితో తెరవడానికి ఏమీ మిగలదు. అప్‌డేట్ ఎందుకు విఫలమైందో చెప్పే పాంథర్ ఫోల్డర్‌లోని సెటప్ లాగ్‌లు, ఏ రోజు ఏమి జరిగిందో చూపే ఈవెంట్ లాగ్‌లు కూడా అదే డిస్క్‌లో ఉన్నాయి, అవీ పోతాయి. పైగా పని పూర్తయిందంటూ ఒక కాగితం మీద మీ సంతకం తీసుకుంటారు. మీ సాక్ష్యాన్ని మీ సమ్మతితోనే చెరిపేయడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. టీపీఎం క్లియర్ చేస్తే తెరుచుకుంటుందని ఎవరైనా అన్నా, కీ లేకుండా బిట్‌లాకర్ తీసిపెడతానని ఎవరైనా డబ్బు అడిగినా ల్యాప్‌టాప్ చేతికివ్వకండి.

గడువు విషయంలో మీ లెక్క తప్పు. సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి నడుస్తాయి. మీ విషయంలో అది కొన్న రోజు కాదు, 2024 నవంబరు 18. కనుక 2026 నవంబరు మధ్యలోగా ఫిర్యాదు దాఖలు కావాలి. వాళ్లు చెప్పిన వాయిదాలు గానీ, మీరు పంపే నోటీసు గానీ ఈ గడువును పొడిగించవు. ఆలస్యాన్ని మన్నించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది కానీ, అందుకు తగిన కారణం చూపాలి. షాపు మాట నమ్మి కూర్చున్నాననడం బలమైన కారణం కాదు. ఇన్నాళ్లు ఒక్క కాగితం కూడా రాయకుండా ఫోన్లతో సరిపెట్టుకోవడం మీ తప్పు. పరుల లెక్కలు రాసే మనిషి ఒక హార్డ్ డిస్క్‌లోనైనా బ్యాకప్ పెట్టుకోకపోవడం అంతకంటే పెద్ద తప్పు, ఎదుటి న్యాయవాది మొదట పట్టుకునేది దాన్నే. జాబ్ షీటు మీద డేటాకు బాధ్యత మాది కాదని అచ్చయి ఉంటే దాన్నీ చూపిస్తాడు. ఆ వాక్యం సొంత నిర్లక్ష్యాన్ని పూర్తిగా కప్పలేదు కానీ పరిహారాన్ని తగ్గించగలదు. ఎనిమిది లక్షలకు రుజువేదీ మీ దగ్గర నాకు కనిపించలేదు. జీఎస్టీ పోర్టల్‌లో ఉన్న రిటర్నులను తిరిగి దింపుకోవచ్చు కూడా, కాబట్టి నిజంగా పోయినదేమిటో, తిరిగి రాయడానికి ఎంత ఖర్చయిందో పట్టిక వేయండి.

పద్దుల పని వ్యాపార ప్రయోజనం కిందకు వస్తుందని, కాబట్టి మీరు వినియోగదారు కారని అభ్యంతరం చెప్పినా కంగారు పడవద్దు; స్వయం ఉపాధితో జీవనం సాగించడానికే కొన్నారని మీ ఆదాయం, పని చూపించండి.

ఇప్పుడే నీలి తెరను ఫోటో తీయండి, అందులో కనిపించే కీ ఐడీ స్పష్టంగా రావాలి. బిల్లు, సర్వీసు ప్లాను, జాబ్ షీటు భద్రపరచండి. యూపీఐ చెల్లింపు, వాట్సాప్ సంభాషణ మూల ఫోన్‌లోనే ఉంచి, ప్రింట్లకు భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 63(4) ధ్రువపత్రం (ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా చూపడానికి జతచేసేది) జతచేయండి. కమిషన్ ఆ చట్టాన్ని అక్షరాలా పట్టుకోకపోయినా, మెసేజ్‌లు కల్పితాలన్న వాదన వస్తే ఇదే నిలబడుతుంది. తర్వాత న్యాయవాది ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, ఆ కీ ఐడీకి సరిపోయే రికవరీ కీని తమ ఖాతాలో వెతికి 15 రోజుల్లో ఇవ్వాలని, ఖాతా నుంచి ఆ పరికరాన్ని తొలగించరాదని కోరండి. మీ సొంత మెయిళ్లతో కూడా లాగిన్ అయి ఒకసారి వెతకండి, కీ వాటిలో ఉంటే ఈ నోటీసు అవసరమే ఉండదు.

నోటీసు గడువులోగా ఇవ్వకపోతే మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయండి; చెల్లించిన ధర ఐదు లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. దాంతోపాటు వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(8) కింద కీ ఇవ్వాలని, ఖాతాను మార్చకూడదని మధ్యంతర ఉత్తర్వు అడగండి.

ఆ యంత్రం మీకు పనికి కావాలంటే, నోటీసు గడువు ముగిశాక, అదీ ఆ షాపు కాకుండా మరొకరి చేత, పాత ఎస్ఎస్‌డీని (మీ డేటా ఉన్న డిస్క్‌ను) తీయించి, సీరియల్ నంబరు రాసిన కవరులో సీలు వేసి, తీసినవారి సంతకం, తేదీతో భద్రపరచండి. దాని స్థానంలో కొత్త ఎస్ఎస్‌డీ పెట్టించి, మైక్రోసాఫ్ట్ సొంత టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో తయారుచేసిన విండోస్‌ను దాని మీద వేయించండి. మదర్‌బోర్డు అదే ఉంటుంది కనుక డిజిటల్ లైసెన్సు సాధారణంగా దానంతట అదే పనిచేస్తుంది. ఈసారి లాగిన్ మీ సొంత మెయిల్‌తో జరగాలి, కొత్త రికవరీ కీని ఆ రోజే ప్రింటు తీసి బీరువాలో పెట్టండి.