గట్టిగా నొక్కినా ఆగని రోడ్ సైకిల్

ప్రశ్న: నాది సన్న టైర్ల రోడ్ సైకిల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రిమ్ముని రెండు వైపులా పట్టుకునే మామూలు బ్రేకులే. బలమంతా పెట్టి నొక్కినా పల్లంలో వేగం తగ్గుతుందే కానీ బండి ఆగదు. వాన పడితే మరీ టెన్షన్. బ్రేక్ సెట్ మొత్తం మార్చెయ్యాలా? డిస్క్ బ్రేకులు పెట్టించుకోవచ్చా?

జవాబు: డిస్క్ సంగతి వదిలెయ్యండి. దానికి ఫ్రేమ్‌కీ ముందు ఫోర్క్‌కీ బిగించే చోటు ముందే ఉండాలి, చక్రాలూ వేరేవి కావాలి. బ్రేక్ సెట్ కూడా ఇప్పుడే కొనకండి. ఈ పని అయ్యేదాకా పల్లాల వైపు మాత్రం వెళ్లొద్దు.

ముందు బండిని నిలబెట్టి లివర్ గట్టిగా నొక్కి చూడండి. అది మెత్తగా సాగుతూ హ్యాండిల్ దాకా వచ్చేస్తోందా, లేక సగంలోనే రాయిలా ఆగిపోతోందా? అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

మెత్తగా వస్తే మీ చేతి బలం దారిలోనే పోతోందన్నమాట. మొదట క్యాలిపర్ (రిమ్ముని రెండు వైపులా పట్టుకునే బ్రేక్ భాగం) పక్కనున్న చిన్న మీట తెరిచి ఉందేమో చూడండి, చక్రం తీసి పెట్టాక దాన్ని మూయడం చాలామంది మర్చిపోతారు. తర్వాత కేబుల్ బిగువు సరిచేయండి, బ్రేక్ రబ్బరుకీ రిమ్ముకీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు చాలు. అయినా మెత్తగానే ఉంటే ఇన్నర్ (లోపలి తీగ), ఔటర్ (దాని పై తొడుగు) రెండూ కొత్తవి వేయించండి, తుప్పు పట్టిన పాత ఔటర్ మార్చగానే బ్రేక్ కొత్తదానిలా పనిచేయడం నేను చాలాసార్లు చూశాను. ఔటర్‌ని వంకర లేకుండా నిటారుగా కోసి, చివర్లకు టోపీలు పెట్టాలి. గేర్ల ఔటర్‌ని మాత్రం బ్రేక్‌కి ఎప్పుడూ వాడొద్దు, దాని లోపలి తీగలు నిలువుగా ఉంటాయి కాబట్టి బ్రేక్ ఒత్తిడికి అది చీలిపోవచ్చు, అదీ మీరు గట్టిగా నొక్కినప్పుడే.

లివర్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే రబ్బరూ రిమ్మూ చూడాలి. రిమ్ముని స్పిరిట్‌తో తుడవండి, గుడ్డకి నల్లగా అంటుతున్నంత సేపూ తుడుస్తూనే ఉండండి. చెయిన్‌కి నూనె వేసేటప్పుడు పడిన ఒక్క చుక్క చాలు పట్టు పోవడానికి. రబ్బర్ల ముఖం అద్దంలా మెరుస్తుంటే గరుకు కాగితంతో రుద్దండి, లోపల దిగిన అల్యూమినియం ముక్కలుంటే సూదితో తీసెయ్యండి. ఏళ్ల తరబడి గట్టిపడిన రబ్బర్లైతే ఈ కష్టమంతా ఎందుకు, మార్చేయండి. మంచి రకానికి కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు, వాన తేడా అప్పుడే తెలుస్తుంది. కార్బన్ రిమ్ములైతే వాటి కోసం చేసిన రబ్బర్లే వాడాలి. రబ్బరు మొత్తం రిమ్ము మీదే పడాలి, టైరుకి తగిలితే దాన్ని కోసేస్తుంది. ముందు అంచు ఒక మిల్లీమీటరు ముందుగా తగిలేలా పెడితే కీచుమనే మోత తగ్గుతుంది, పట్టు మాత్రం దాంతో పెద్దగా పెరగదు.

రిమ్ము పక్కన సన్నటి గాడి గానీ చుక్క గానీ ఉంటే అది అరుగుదల గుర్తు. అది చెరిగిపోయినా, వేలితో తడిమితే గోడ లోపలికి పల్లంగా తగిలినా రిమ్ము పని అయిపోయినట్టే. గాలి ఒత్తిడికే పగలొచ్చు, ఆ చక్రం మీద ఇక తొక్కకండి.

సెకండ్ హ్యాండ్ అన్నారు కాబట్టి ఇంకో మాట. లివర్లని ఎవరైనా మార్చారేమో కనుక్కోండి. కొన్ని కొత్త రకం లివర్లు పాతవాటికంటే ఎక్కువ కేబుల్ లాగుతాయి, వాటికి పాత క్యాలిపర్ జతచేస్తే లివర్ గట్టిగా ఉంటుంది, పట్టు మాత్రం రాదు. అప్పుడే బ్రేక్ సెట్ మార్చడంలో అర్థముంది.

పల్లంలో చేతులు హ్యాండిల్ కింది వంపులో పెట్టండి, వేళ్లు లివర్ చివరికి అందుతాయి, అదే బలానికి పట్టు చాలా పెరుగుతుంది. బండిని ఆపేది ఎక్కువగా ముందు బ్రేకే, దానికి భయపడకుండా నడుము వెనక్కి నెట్టి క్రమంగా ఒత్తిడి పెంచండి. వానలో రబ్బరు మొదట రిమ్ము మీది నీళ్లు తుడవాలి, ఆ తర్వాతే పట్టుకుంటుంది, కాబట్టి ముందుగానే మెల్లగా నొక్కడం మొదలుపెట్టండి. కొత్త రబ్బర్లు వేశాక ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద ఓ పదిహేను ఇరవై సార్లు వేగం తగ్గిస్తూ తొక్కండి, అవి రిమ్ముకి కుదురుకున్నాకే పల్లం దిగండి.